సమ్మె రోజున సాయంత్రం నుంచి లెక్కేయండి

బస్సులు ఆగిపోయిన రోజు పొద్దున అందరి బుర్రలోనూ ఒకటే ప్రశ్న: ఎలా వెళ్లాలి? దానికి జవాబు ఎలాగోలా దొరుకుతుంది. పక్కింటాయన బండి వెనక కూర్చుంటాం, ఆటోకి యాభై ఎక్కువిస్తాం, లేదంటే నిద్రపోతున్న తమ్ముణ్ని లేపి దింపమంటాం. గంట ఆలస్యంగా చేరినా ఆ రోజు ఆఫీసులో ఎవరూ ఏమీ అనరు. అసలు కథ సాయంత్రం ఆరున్నరకు మొదలవుతుంది. పొద్దున దింపిన తమ్ముడు ఎక్కడో పనిలో ఉంటాడు. పక్కింటాయన నాలుగింటికే ఇల్లు చేరాడు. క్యాబ్ యాప్ రెట్టింపు రేటు చూపిస్తోంది, ఆ రేటుకీ ఎవరూ రావడం లేదు. ఫోన్‌లో చార్జింగ్ అయిపోవచ్చింది. ఉదయం ఏడు నుంచి పదకొండు దాకా విడివిడిగా బయల్దేరిన నగరమంతా ఇప్పుడు ఒకే గంటలో ఇంటికి వెళ్లాలనుకుంటోంది.

కాబట్టి సమ్మె రోజు ప్రయాణాన్ని వెనక నుంచి ముందుకు లెక్కేసుకోవాలి. రాత్రి ఇంటికి ఎలా చేరతామో తేలాకే పొద్దున గడప దాటాలి. తిరుగు దారి తేలలేదంటే, వెళ్లే దారి ఎంత బాగున్నా ఆ ప్రయాణం మానేయడమో, రేపటికి వాయిదా వేయడమో, రాత్రికి అటువైపు చుట్టాలింట్లో ఉండిపోవడమో చేయాలి.

ఉదాహరణలన్నీ హైదరాబాద్ నుంచే తీసుకుంటాను. 2019 అక్టోబరు 5న మొదలై 52 రోజులు సాగిన ఆర్టీసీ సమ్మెను చూసిన ఊరు ఇది. దాదాపు 48 వేల మంది కార్మికులు విధులు మానేశారు. అంతకుముందు 2015 మే నెలలో ఎనిమిది రోజులు, 2011 సకల జనుల సమ్మెలో వారాల తరబడి ఇక్కడ బస్సులు ఆగాయి. అంటే ఇది జీవితంలో ఒక్కసారి వచ్చే ఉపద్రవమేమీ కాదు. కొన్నేళ్లకోసారి వస్తుంది, మనం ప్రతిసారీ కొత్తగా ఆశ్చర్యపోతాం.

రెండు వారాల ముందే తెలుస్తుంది

ఆశ్చర్యపోవాల్సిన పని లేదని చట్టమే చెబుతోంది. పాత పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం రోడ్డు రవాణాను ప్రభుత్వం ప్రజోపయోగ సేవగా ప్రకటించే వీలుండేది. అలాంటి సేవలో పనిచేసేవాళ్లు నోటీసు ఇచ్చిన 14 రోజుల్లోపు సమ్మెకు దిగకూడదని నియమం. దాని స్థానంలో వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ పద్నాలుగు రోజుల గడువు అలాగే ఉంది. పేపర్లో లోపలి పేజీలో ‘యాజమాన్యానికి ఆర్టీసీ సంఘాల సమ్మె నోటీసు’ అని చిన్న వార్త కనబడిందంటే మీ చేతిలో సుమారు రెండు వారాలున్నాయని అర్థం. ఆ తర్వాత కార్మిక శాఖ కమిషనర్ దగ్గర చర్చలు, మంత్రుల ప్రకటనలు, కార్మిక సంఘాల జేఏసీ ప్రెస్ మీట్లు వరసగా వస్తాయి. టీవీ స్క్రోలింగు మొదలయ్యే వేళకు మీరు సిద్ధమైపోయి ఉండాలి.

సిద్ధం కావడమంటే పనులన్నీ రద్దు చేసుకోవడం కాదు. 2025 మే 7 నుంచి సమ్మె అని ఆర్టీసీ జేఏసీ ప్రకటించింది. ముందు రోజు మంత్రులతో చర్చలు జరిగాయి, సమ్మె వాయిదా పడింది. ఆ తేదీని నమ్మి ఆస్పత్రి అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకున్నవాళ్లకు మళ్లీ తేదీ దొరకాలి కదా. కాబట్టి ఆ రెండు వారాల్లో ఖర్చు లేని పనులు మాత్రమే చేయండి. మెట్రో కార్డులో డబ్బు వేసి పెట్టుకోవడం, మీకు పనికొచ్చే నాలుగు ఎంఎంటీఎస్ రైళ్ల వేళలు రాసుకోవడం, మీ దారిలో ఎవరెవరు బండి మీద వస్తారో కనుక్కోవడం, వేళలు మార్చుకోవచ్చా అని మేనేజర్‌ని అడిగి ఉంచుకోవడం. సమ్మె జరగకపోతే వీటిలో ఏదీ నష్టం కాదు.

ఇంకొక తేడా గుర్తుంచుకోవాలి. సమ్మె వేరు, బంద్ వేరు. సమ్మె రోజు బస్సులే ఆగుతాయి. బంద్ రోజు ఆటోలు, క్యాబులు, దుకాణాలు, పెట్రోల్ బంకులు కూడా ఆగొచ్చు, రోడ్డు మీద ఏం జరుగుతుందో ఎవరూ చెప్పలేరు. 2019లో సమ్మె మధ్యలోనే అక్టోబరు 19న తెలంగాణ బంద్ జరిగింది. కింద చెప్పే ఉపాయాలేవీ బంద్ రోజుకు వర్తించవు. ఆ రోజు వీలైతే ఇంట్లోనే ఉండండి.

ముందు పట్టాల దగ్గరికి చేరాలి

బస్సుకు అలవాటుపడ్డ మనిషి నగరాన్ని నంబర్లతో గుర్తు పెట్టుకుంటాడు. పటాన్‌చెరు నుంచి కోఠికి 218, సికింద్రాబాద్ నుంచి మెహిదీపట్నానికి 49ఎం. బస్సులు ఆగితే ఆ నంబర్లతో పాటు దారి కూడా పోయిందనిపిస్తుంది. అప్పుడు ఆలోచన మార్చాలి. ఇంటి దగ్గర్నుంచి ఆఫీసు దాకా ఒకే వాహనం వెతక్కుండా, ప్రయాణాన్ని మూడు ముక్కలు చేయండి: ఇంటి నుంచి పట్టాల దాకా, పట్టాల మీద, పట్టాల నుంచి పని దాకా. మధ్య ముక్క ఎంత పొడవైతే అంత మంచిది. ఎందుకంటే ఆ రోజు రోడ్డు మీద బస్సు ఎక్కాల్సినవాళ్లంతా బండ్ల మీదా కార్లలోనూ ఉంటారు. రోడ్డు నిండిపోతుంది. పట్టాల మీద ట్రాఫిక్ జామ్ ఉండదు.

ఈసీఐఎల్‌లో ఉంటూ అమీర్‌పేటలో పనిచేసే ఆమెను తీసుకోండి. సాయంత్రం అమీర్‌పేట రోడ్డు మీద నిలబడి ఆటోని అడిగితే ఇలా సాగుతుంది:

“ఈసీఐఎల్ వస్తవా అన్నా?”

“అంత దూరం రాను మేడం, ఫుల్లు జామున్నది.”

అతను అబద్ధం చెప్పడం లేదు. బేరం కోసం బెట్టు చేయడమూ లేదు. సమ్మె రోజు ఆటోవాళ్లకు దూరం బేరం కన్నా దగ్గరి బేరమే లాభం. ఒక దూరపు ట్రిప్పులో పోయే గంటన్నరలో అతను నాలుగు చిన్న ట్రిప్పులు కొట్టగలడు. పైగా ఈసీఐఎల్ నుంచి ఖాళీగా తిరిగి రావాల్సిన బాధ ఉండదు. అదే ఆమె అమీర్‌పేటలో మెట్రో ఎక్కి తార్నాకలో దిగి, అక్కడ అడిగితే మాట మారుతుంది. తార్నాక నుంచి లాలాపేట, మౌలాలి మీదుగా ఈసీఐఎల్‌కు షేర్ ఆటోకి ముగ్గురు నలుగురు ఎదురుచూస్తూ ఉండనే ఉంటారు. ఆటో అతనికి సీట్లు నిండుతాయి, ఆమెకు చార్జీ తగ్గుతుంది. ఆటోవాళ్లను గమ్యం అడగకండి, మధ్య ముక్క అయిపోయాక మిగిలిన చిన్న దూరం అడగండి.

మెట్రో మూడు లైన్లలో 69 కిలోమీటర్ల మేర, 57 స్టేషన్లతో ఉంది. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ ఒకటి, నాగోలు నుంచి రాయదుర్గం ఒకటి, జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ మూడోది. ఒకదాన్నుంచి ఒకదానికి మారే చోట్లు అమీర్‌పేట, ఎంజీబీఎస్, పరేడ్ గ్రౌండ్స్. సమ్మె రోజుల్లో కిక్కిరిసేది అమీర్‌పేట. మియాపూర్ వైపు నుంచీ ఎల్బీనగర్ వైపు నుంచీ వచ్చిన ఐటీ ఉద్యోగులంతా రాయదుర్గం రైలు కోసం అక్కడే దిగుతారు. పొద్దున తొమ్మిదికి ఆ మెట్ల మీద నిలబడితే మీరు నడవక్కర్లేదు, జనమే నడిపిస్తారు. అరగంట ముందు వెళ్తే అదే స్టేషన్ వేరే ఊరిలా ఉంటుంది. టికెట్ లైను ఆ రోజు బారెడు ఉంటుంది కనుక కార్డో, ఫోన్లో కొన్న టికెట్టో తప్పనిసరి. తిరుగు టికెట్టు కూడా ముందే ఆలోచించుకోండి, సాయంత్రానికి ఫోన్ చచ్చిపోతే క్యూఆర్ కోడ్ కూడా దానితోనే పోతుంది.

ఎంఎంటీఎస్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నగరంలో సగం మందికి అదొకటి ఉందని సమ్మె రోజునే గుర్తొస్తుంది. 2003 నుంచి నడుస్తోంది, చవక, కిటికీలోంచి గాలి వస్తుంది. కానీ మెట్రోలాగా నిమిషాల్లో ఇంకోటి రాదు. ఒకటి తప్పిపోతే అరగంటో అంతకన్నా ఎక్కువో ఆగాలి, మధ్యాహ్నం ఇంకా ఎక్కువ. కాబట్టి స్టేషన్‌కు వెళ్లి చూద్దామంటే కుదరదు, వేళ తెలుసుకునే వెళ్లాలి. లింగంపల్లి నుంచి వచ్చే రైళ్లన్నీ ఒకే చోటికి పోవు. కొన్ని ఖైరతాబాద్, లక్డీకాపూల్ మీదుగా నాంపల్లికి వెళ్తాయి. కొన్ని సికింద్రాబాద్, కాచిగూడ మీదుగా ఫలక్‌నుమాకు వెళ్తాయి. ఎక్కేముందు బోర్డు చూడాలి, లేకపోతే నాంపల్లి వెళ్లాల్సినవాళ్లు సీతాఫల్‌మండిలో దిగుతారు. అన్నిటికన్నా పెద్ద చిక్కు హైటెక్ సిటీ. ఆ పేరుతో మెట్రో స్టేషన్ ఒకటి, ఎంఎంటీఎస్ స్టేషన్ ఒకటి ఉన్నాయి, రెండూ వేరు వేరు చోట్ల. ఎంఎంటీఎస్‌లో దిగి సైబర్ టవర్స్ ఎదురుగా ఉంటుందనుకుంటే బయటికొచ్చి మళ్లీ ఆటో వెతుక్కోవాల్సిందే.

ఎంఎంటీఎస్‌నూ మెట్రోనూ కలుపుకోగలిగితే నగరం చాలా చిన్నదైపోతుంది. భరత్‌నగర్, బేగంపేట, ఖైరతాబాద్, లక్డీకాపూల్, నాంపల్లి, మలక్‌పేట దగ్గర రెండు స్టేషన్లూ నడిచే దూరంలోనే ఉన్నాయి. డబీర్‌పురాలోనో యాకుత్‌పురాలోనో ఎంఎంటీఎస్ ఎక్కి మలక్‌పేటలో దిగి మెట్రో పట్టుకుంటే పాతబస్తీ వాళ్లకు నగరం మొత్తం అందుతుంది. ఈ కలయిక స్థానాలు సమ్మె రోజున వెతుక్కోవడం కన్నా ఏదో ఒక ఆదివారం ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి నడిచి చూడటం మేలు, ఆదివారం రైళ్లు తక్కువైనా సరే.

పట్టాలు లేని పేటలూ ఉన్నాయి. మెహిదీపట్నం, టోలిచౌకి ఆ జాబితాలో ముందుంటాయి. అక్కడివాళ్లకు లక్డీకాపూల్ దాకా ఒక ముక్క ఎక్కువ. నిజం చెప్పాలంటే సమ్మె బరువు ఎప్పుడూ అందరి మీదా ఒకేలా పడదు, పట్టాలకు దూరంగా ఉన్నవాళ్ల మీదే ఎక్కువ పడుతుంది.

నడక, పక్క సీటు

ఆరోగ్యంగా ఉన్న మనిషి గంటకు నాలుగున్నర కిలోమీటర్ల దాకా నడుస్తాడు. మెట్రో స్టేషన్లు కిలోమీటరుకో, కొంచెం ఎక్కువకో ఒకటి ఉంటాయి కనుక, పట్టాల దాకా ముప్పావు గంట నడవగలిగినవాళ్లకు చాలాచోట్ల మొదటి ముక్కకు ఆటో అవసరమే ఉండదు. రోడ్డు దాటడానికి మెట్రో స్టేషన్ మెట్లు వాడుకోండి. టికెట్ గేటు దాకా ఎవరైనా వెళ్లొచ్చు, ఇటు ఎక్కి అటు దిగొచ్చు. పంజగుట్ట లాంటి చోట సిగ్నల్ దగ్గర ప్రాణాలరచేత పట్టుకుని పరుగెత్తే బాధ తప్పుతుంది.

బండి మీద వెనక కూర్చునేవాళ్లు సొంత హెల్మెట్ పెట్టుకోవాలి. చట్టం అనే కాదు, సమ్మె రోజు లిఫ్ట్ అడగాలంటే చేతిలో హెల్మెట్ ఉన్నవాళ్లకు త్వరగా దొరుకుతుంది. బండాయనకు చలానా భయం ఉండదు కదా.

కార్ పూలింగ్ అనగానే మనవాళ్లు ఒకే అపార్ట్‌మెంట్‌లో వెతుకుతారు. ఒకే చోట ఉండటం ముఖ్యం కాదు, ఒకే సమయానికి పని ముగియడం ముఖ్యం. పై ఫ్లోర్ ఆయన ఆఫీసు ఐదింటికి వదిలితే మీ పని ఏడింటికి అయిపోతే ఆ స్నేహం పొద్దునకే పనికొస్తుంది. అందుకే పూల్ జతను ఇంటి దగ్గర కాకుండా ఆఫీసులో వెతకండి. ఇంకో మాట: మీ వీధిలోకి రమ్మనకండి. మెయిన్ రోడ్డు మీద ఒక పెట్రోల్ బంకో, గుడో గుర్తు చెప్పి, చెప్పిన సమయానికి ఐదు నిమిషాల ముందే అక్కడ నిలబడండి. పెట్రోల్ డబ్బు మాటను మొదటి రోజే తేల్చేయండి. అడగడానికి ఆయనకు మొహమాటం, ఇవ్వడానికి మీకు మొహమాటం. మూడో రోజుకు ఆయనకు వేరే దారిలో పని పడుతుంది.

ఆటో విషయంలో జేబులో పది, ఇరవై నోట్లు ఉంచుకోవడం, ఎక్కేముందే చార్జీ తేల్చుకోవడం చాలు. డ్రైవర్ పక్కన వేలాడుతూ వెళ్లడం మాత్రం వద్దు.

ఒకటీ అరా బస్సులు వస్తాయి

సమ్మె అంటే ఒక్క బస్సూ రాదని కాదు. ఆర్టీసీలో అద్దె బస్సులు కొన్ని ఉంటాయి. వాటి యజమాని ప్రైవేటు మనిషి, డ్రైవర్‌ను అతనే పెట్టుకుంటాడు, కండక్టర్ మాత్రం సంస్థ మనిషి. కాబట్టి సమ్మె రోజుల్లో వాటిని తాత్కాలిక కండక్టర్లతో నడపడం తేలిక. 2019లో సంస్థ సొంత బస్సులకు కూడా రోజుకు డ్రైవర్‌కు 1,500, కండక్టర్‌కు 1,000 రూపాయలిచ్చి తాత్కాలికంగా మనుషుల్ని పెట్టారు. టికెట్ లేకుండా ఇష్టం వచ్చినంత వసూలు చేస్తున్నారన్న ఫిర్యాదులు అప్పట్లో పేపర్ల నిండా వచ్చాయి. ఈ బస్సుల్ని మీ లెక్కలో వేసుకోకండి. వస్తే ఎక్కండి, టికెట్ అడగండి, అంతే. పొద్దున వచ్చింది కదా సాయంత్రమూ వస్తుందనుకుంటే దెబ్బతింటారు. కొత్త డ్రైవర్లతో నడిపే బస్సుల్ని చీకటి పడకముందే డిపోకు తెప్పించుకోవడానికే అధికారులు మొగ్గు చూపుతారు.

దారిలో డిపో గేటు దగ్గర సమ్మె టెంటు కనబడితే, అక్కడ కూర్చున్నవాళ్లను మీ ఆలస్యానికి తిట్టుకోకండి. 2019లో వాళ్ల ప్రధాన డిమాండు సంస్థను ప్రభుత్వంలో కలపమని. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. ఇక్కడ తెలంగాణలో ఆ 2019 సమ్మెలోనే ఖమ్మంలో ఒక డ్రైవర్ ఒంటికి నిప్పంటించుకుని చనిపోయాడు. డిమాండుతో మీరు ఏకీభవించవచ్చు, లేకపోవచ్చు. రెండు నెలలు జీతం లేకుండా కూర్చున్న మనిషి సరదాకి కూర్చోడు.

వాయిదా వేయలేనివాళ్లు

ఇంతవరకు చెప్పిందంతా వేళ మార్చుకోగలిగినవాళ్లకు. డయాలసిస్‌కు, కీమోకు వెళ్లేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. వాళ్లింట్లోవాళ్లు సమ్మె నోటీసు వార్త చూసిన వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేసి తెల్లవారుజాము స్లాటు అడగాలి. ఆ వేళకు రోడ్డు ఖాళీగా ఉంటుంది, తిరిగొచ్చే సమయానికీ ఇంకా పగలే ఉంటుంది.

పరీక్ష రాసేవాళ్లు ఇంకో రకం. 2015 మే సమ్మెలోనే ఆంధ్రప్రదేశ్ ఎంసెట్ జరిగింది. నిమిషం ఆలస్యమైతే లోపలికి రానివ్వని పరీక్ష అది. పరీక్ష ముందు రాత్రి సెంటర్‌కు నడిచే దూరంలో చుట్టమో, స్నేహితుడో, హాస్టలో చూసుకుని పడుకోవడాన్ని మించిన ఉపాయం లేదు. ఇక్కడ మాత్రం తిరుగు దారి గురించి ఆలోచించక్కర్లేదు. పరీక్ష రాశాక ఇంటికి ఎప్పుడు చేరినా ఫర్వాలేదు.

మూడోవాళ్ల గురించి ఇలాంటి సలహాల్లో రాయరు. జవహర్‌నగర్ నుంచో బాలాపూర్ నుంచో వచ్చి మీ ఇంట్లో గిన్నెలు తోమే ఆమె. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణలో ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్. అంటే మామూలు రోజు ఆమెకు రానూ పోనూ ఖర్చు సున్నా. సమ్మె రోజున ఆటోలకిచ్చేదంతా కొత్త ఖర్చే, ఒక్కోసారి ఆ రోజు కూలి కన్నా ఎక్కువ. ఆ రోజులకు జీతం కోయకండి. రమ్మంటే ఆటో డబ్బులిచ్చి రమ్మనండి, లేదా రెండు రోజుల పని ఒక రోజులో చేసి వెళ్లమనండి. మీ గిన్నెలు మీరే తోముకుంటే నగరంలో ఒక ప్రయాణం తగ్గుతుంది. సమ్మె రోజున తగ్గించిన ప్రతి ప్రయాణమూ తప్పనిసరిగా వెళ్లాల్సిన ఇంకొకరికి దొరికే సీటు.

సమ్మె విరమణ, బస్సు రాక

‘సమ్మె విరమణ’ అని పేపర్లో పడ్డ రోజే బస్టాపుకు వెళ్లి నిలబడేవాళ్లుంటారు. 2019 నవంబరు 25న జేఏసీ సమ్మె విరమించింది. మర్నాడు డిపోలకు వెళ్లిన కార్మికుల్ని విధుల్లోకి తీసుకోలేదు. 28న ముఖ్యమంత్రి ప్రకటించాక 29న చేరారు. మధ్యలో ఆ మూడు రోజులు సమ్మె లేదు, మామూలుగా బస్సులూ లేవు.

అందుకని విరమణ ప్రకటన కాక, కార్మికులు విధుల్లో చేరిన వార్త కోసం చూడండి. అది వచ్చాక కూడా రెండు రోజుల పాటు పూల్ జతను వదులుకోకండి. వారాల తరబడి ఆగిన బస్సులన్నీ ఒకే పూట రోడ్డెక్కవు. మెయిన్ రూట్లు ముందు నిండుతాయి, మీ కాలనీ లోపలికొచ్చే బస్సు చివర్లో వస్తుంది. నెలవారీ పాస్ ఉన్నవాళ్లు అది చెల్లుతుందో లేదో, ఆగిపోయిన రోజులకు గడువు పెంచారో లేదో పాస్ కౌంటర్లో అడిగి, ఆ తర్వాతే కొత్తది కొనండి.